సక్కుబాయి అడిగే మాట

హైదరాబాదు దగ్గరి దొంతన్‌పల్లిలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే సక్కుబాయికి కిరాయికిచ్చే గది ఒకటే ఉన్నది. దాన్ని అడగడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆమె ముందుగా ఒకే మాట అడుగుతుంది, మీ ఊరు విడిచి ఎందుకొచ్చినవని. ఆధార్ కార్డు సంగతి ఆ తర్వాతే.

జవాబులన్నీ ఆమెకు గుర్తే. చందనవెల్లి ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనికొచ్చిన బీహార్ అతను తమ పొలాన్ని నది కోసుకుపోయిందన్నాడు. ఒడిశా అతనికి, ముందుగా ఇటు వచ్చిన దోస్తు కొత్త బండి మీద కూర్చుని ఫోటో పంపాడట. అది చూసినప్పటి నుంచి ఊళ్లో కాలు నిలవలేదట. సక్కుబాయికి ఈ రెండో జవాబే ఎక్కువ నచ్చింది, ఎవరు దొరికినా చెప్పి నవ్వుతుంది.

ఆమెకు అరవై దాటాయి. పక్క ఊరు సురంగల్‌లో పుట్టింది. పదిహేనేళ్లకే పెండ్లయి ఇక్కడికి వచ్చి, ముప్పై ఏళ్లు క్యారెట్, కొత్తిమీర తోటల్లో కూలికి పోయింది. ఆ కూలి డబ్బుతోనే ఈ గది కట్టించింది. హైదరాబాదు దాటి ఎటూ పోలేదు.

పోయిన ఆగస్టులో ఒక శనివారం నన్ను పిలిపించింది. వాకిట్లో పెద్ద సూట్‌కేసు పక్కన పొడుగాటి అమ్మాయి నిలబడి ఉంది. పేరు ఉవాసె, ఆఫ్రికాలోని రువాండా నుంచి ఇక్కడి యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ చదవడానికి వచ్చింది. హాస్టల్ నిండిపోయింది. సోమవారంలోగా ఇంటి యజమాని సంతకంతో చిరునామా కాగితం ఇవ్వకపోతే విదేశీ విద్యార్థిగా ఆమె నమోదు ఆగిపోతుంది. అప్పటికే మూడిళ్లవాళ్లు గది లేదన్నారు.

ఇంగ్లీషు నేను చదివినంత సులువుగా మాట్లాడలేను. అయినా సక్కుబాయి ప్రశ్నను మెల్లగా ఉవాసెకు చెప్పాను. ఆమె కూడా మెల్లగానే జవాబిచ్చింది. తమ దేశమంతా కొండలట. ఇప్పుడు ఎక్కడ చూసినా రోడ్లు వేస్తున్నారు, వంతెనలు కడుతున్నారు, దేశం పెరుగుతోంది, అందుకే వచ్చానన్నది.

సక్కుబాయికి ఇది అర్థం కాలేదు.

"ఊరు ఎండితే పోతరు. పెరుగుతుంటె ఎందుకొస్తరు? జర మంచిగ అడుగు బిడ్డా."

అడిగాను. తమ ఊరి వంతెన కట్టేటప్పుడు టోపీలు పెట్టుకుని లెక్కలు చూసినవాళ్లంతా వేరే దేశాలవాళ్లే, తమవాళ్లు ఇసుక మోశారు, వాళ్లలో తన తండ్రి కూడా ఉన్నాడు అని చెప్పింది. యూరప్ చదువుకు డబ్బు చాలదు. ఇక్కడికైతే చాలింది. చదువయ్యాక తిరిగి పోతావా అని సక్కుబాయి అడిగితే, ఉవాసె తెలియదన్నది.

"అబద్ధమాడలే," అని సక్కుబాయి లేచి పాలు తెచ్చింది.

కొత్తగా చేరేవాళ్లు ఆ గదిలో పాలు పొంగించాలి. ఆమె ఇంటి షరతు అది. పొంగితేనే తాళంచెవి ఇస్తుంది. గదిలో చిన్న గ్యాస్ స్టవ్వు మీద గిన్నె పెట్టి, ఉవాసెను ముందు నిలబెట్టింది. పాలు కాగి, నురగ అంచుదాకా లేచింది. సరిగ్గా అప్పుడు ఉవాసె చటుక్కున వంగి స్టవ్వు ఆపేసింది. నురగ కిందికి దిగిపోయింది. ఒక్క చుక్క కూడా పోనివ్వలేదని సంతోషంగా మావైపు చూసింది.

సక్కుబాయి ముఖం మాడిపోయింది. తాళంచెవిని కొంగున ముడేసుకుంది. తప్పు నాదే. పాలు కాచాలని చెప్పాను గానీ పొంగాలని చెప్పలేదు. అది వేరే చెప్పాల్సిన సంగతని నాకు తోచనే లేదు.

విషయం చెప్పేసరికి ఉవాసె కళ్లు పెద్దవయ్యాయి. వాళ్ల ఇంట్లో ఆవులున్నాయట. పాలు నేల మీద పడితే మందకు కీడని వాళ్ల నానమ్మ నమ్మకం. చిన్నప్పుడు ఒలకబోసినందుకు దెబ్బలు కూడా తిన్నదట.

గడప అవతల బీడీ కాలుస్తున్న కుర్మయ్య, సక్కుబాయి భర్త, ఈ మాట వినగానే లోపలికొచ్చాడు. ఒకప్పుడు గొర్లు కాసినవాడు.

"మా బాపు గూడ గంతేనే. పాలు కిందవడితె కట్టె తీసుకునేటోడు."

"నీకు గొర్ల ముచ్చట దొరికితె సాలు," అన్నది సక్కుబాయి. కానీ ఆలోచనలో పడింది. ఉవాసె సూట్‌కేసు వైపు ఒకసారి, గిన్నె వైపు ఒకసారి చూసింది. తర్వాత ఇంట్లోకి పోయి, పెండ్లిళ్లకు మాత్రమే తీసే పెద్ద స్టీలు తాంబాళం తెచ్చి, దాన్లో స్టవ్వు పెట్టి మళ్లీ వెలిగించింది.

ఈసారి ఉవాసె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పాలు పొంగాయి. స్టవ్వు మీంచి జారి తాంబాళంలో పడ్డాయి. నేల తడవలేదు. ఉవాసె వంగి నేలను చూసింది, సక్కుబాయి తాంబాళాన్ని చూసింది, ఎవరి కారణం వాళ్లది.

గిన్నెలో మిగిలిన పాలతో చాయ్ పెట్టాక, సక్కుబాయి కాగితం మొత్తం నాతో చదివించుకుని వంకర అక్షరాలతో సంతకం చేసింది. కాగితం తీసుకుంటూ ఉవాసె నా చెవిలో ఏదో అడిగింది. నాకు నవ్వొచ్చింది.

"అవ్వా, నువ్వు ఈ ఊరికెందుకొచ్చినవని అడుగుతున్నది."

"ఎందుకేంది, లగ్గమైంది, వచ్చిన," అన్నది సక్కుబాయి. చాయ్ గ్లాసు కింద పెట్టింది. నలభై అయిదేళ్లలో ఆమెను ఈ మాట ఎవరూ అడిగినట్టు లేదు. "మా బాయి ఎండింది ఆ యేడు. ఈళ్ల బాయిల నీళ్లున్నయి. గందుకే ఇచ్చిండ్రు."

"నన్ను జూసి గాదా?" అన్నాడు కుర్మయ్య.

"నిన్నెవరు జూసిన్రు? బాయిని జూసిన్రు."

నేను ఇదంతా ఉవాసెకు చెప్పేలోపే సక్కుబాయి కొంగు ముడి విప్పి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.