తలకో బిందె

గోదావరిఖనిలో పాత క్వార్టర్ల వరుస అది. కట్టిన రోజుల్లో ఇంటికో కుటుంబం. 2009 ఎండాకాలానికి కొడుకులు, కోడళ్లు, మనవలు, పెరట్లో రేకుల షెడ్లలో కిరాయికి దిగిన కాంట్రాక్టు కూలీలు అంతా కలిసి జనం మూడింతలయ్యారు. పైపు మాత్రం పాతదే. నల్లా ఎండిపోయి ట్యాంకరు రావడం మొదలయ్యాక, కొట్లాటలు తీర్చలేక వరుస పెద్దమనిషి సదయ్య ఒక పద్ధతి పెట్టాడు: తలకో బిందె.

ఆ పద్ధతి సుసన్నా కడుపులో మంట పెట్టింది. చిన్న కుటుంబం మంచిదంటే నమ్మి, ఒక్క బిడ్డ శాలిని పుట్టగానే ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆమె. మొగుడు సామ్యేల్, బిడ్డ, తాను కలిపి మూడు బిందెలు. గోడ అవతలి ఐలవ్వ ఇంటి బిందెలేమో రైలు పెట్టెల్లా సాగేవి. పద్ధతిగా బతికినవాళ్లకు ఉపన్యాసాల్లో చప్పట్లు దొరుకుతాయి, నీళ్లు కాదు.

"పాలు తాగే పోరనికి గూడ బిందేనా ఐలవ్వా?"

"పాలు తాగినా ముడ్డి కడగాలె గదక్కా! నిన్నెవలన్న కనొద్దన్నరా?"

సుసన్నా పెరట్లో గోడ వారన ఒక జామచెట్టుంది. క్వార్టరు దొరికిన ఏడు తానే నాటింది. ఐలవ్వ మనవలు తనను బతిమాలేది ఆ కాయల కోసమే. మూడు బిందెల్లో దానికి చెంబెడు మిగలడమే కష్టమైంది. ఆకులు రాలుతుంటే ఐలవ్వే గెలుస్తున్నట్టు తోచింది. వెంటనే ఉపాయం తట్టింది: తలలు పెంచుకోవాలి. మందమర్రి నుంచి వచ్చిన లారీ డ్రైవర్ టోనీకి పెళ్లాంపిల్లలున్నారు, ఇల్లు లేదు. షెడ్డు వేసిస్తానంది.

రేకులు దిగాక తెలిసింది, చెట్టుంటే షెడ్డు పట్టదని.

"చెట్టు కోసమే గద నీళ్లన్నవ్?" అన్నాడు సామ్యేల్, గొడ్డలి పట్టుకుని.

"ముందైతే బిందెలు రానియ్! ఆమె సూడాలె."

చెట్టు నేలకొరిగింది. బిందెలు వచ్చాయి. వారం పాటు సుసన్నా తల ఎత్తుకుని వరుసలో నిలబడింది. అది చూసి ఐలవ్వ ఊరుకుంటుందా? ఆమె పెరట్లోనూ రేకులు దిగాయి, తర్వాత పక్కింట్లో, ఆ పక్కింట్లో. ట్యాంకరు మాత్రం ఒక్కటే. సదయ్య విసిగిపోయి పద్ధతి మార్చాడు: ఇక ఇంటికి నాలుగు బిందెలే, ఎంతమంది ఉన్నా సరే. సుసన్నా ఇంట్లో ఇప్పుడు ఎనిమిది నోళ్లు.

వానలు పడ్డాక ఐలవ్వ గోడ మీంచి పిలిచింది. అవతల, ఆమె మనవల స్నానాల నీళ్లు పారే చోట, గోడ కిందుగా వెళ్లిన వేరు నుంచి జామ పిలక లేచింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"అది నా చెట్టు," అంది సుసన్నా.

"నీళ్లు మాయక్కా," అంది ఐలవ్వ. "కాయలు కాసినంక అడుగు, ఇస్త."