అంకుల్ నడిపిన ఐదు బళ్లు

మా డ్రైవింగ్ అంకుల్ పోయారన్న వార్త అందరికన్నా ఆలస్యంగా తెలిసింది నాకే. పొద్దున ఏడింటికే సంఘం వాట్సాప్ గ్రూపులో పాస్టర్ గారు పెట్టారట, ‘మన అంకుల్ ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు’ అని. ఆ సమయానికి నేను వైశాలిలో ఇంటి నుంచి ఆస్పత్రి డ్యూటీకి కారు నడుపుకుంటూ వెళ్తున్నాను. బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది. స్టీరింగ్ పట్టుకుని ఫోన్ ముట్టుకున్నందుకు ఒకసారి ఆయన దగ్గర చీవాట్లు తిన్నదాన్ని, అందుకే తియ్యలేదు. ఆస్పత్రి పార్కింగులో బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, అప్పుడు చూశాను. ఆ తర్వాత చాలాసేపు బండి దిగలేకపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. బాపట్ల వైపు మనిషి. సైన్యంలో డ్రైవరుగా చేరి, హవల్దారుగా రిటైరై, ఢిల్లీలోనే ఉండిపోయారు. ఆయన భార్య మా ఆస్పత్రిలో సీనియర్ సిస్టర్. నేను ఒంగోలు నుంచి వచ్చి చేరిన కొత్తలో నాకు వార్డు పని నేర్పింది ఆవిడే. ఢిల్లీ అలవాటు ప్రకారం ఆవిడ ఆంటీ, ఆయన అంకుల్. మా సంఘంలో సగం మంది నర్సులమే. డ్యూటీకి ఆటోలవాళ్లతో పోట్లాడుకుంటూ తిరిగే మమ్మల్ని చూసి ఆంటీయే ఆయనకు పురమాయించింది, ఈ పిల్లలకు బండి నేర్పండి అని.

సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమంటే ఒప్పుకున్నాను. కానీ ఆయన మంచితనం చెప్పి ఊరుకుంటే నా మనసు ఊరుకోదు. నేను ఆయనకు ఒక అబద్ధం చెప్పాను. ఒకసారి కాదు, కొన్ని నెలల పాటు ప్రతి ఆదివారం చెప్పాను. అది ఇక్కడ ఒప్పుకోవాలి. అది అర్థం కావాలంటే ముందు ఆయన బళ్ల గురించి చెప్పాలి.

మనం పాత స్నేహితుల గురించి చెప్పుకున్నట్టు ఆయన తను నడిపిన బళ్ల గురించి చెప్పేవారు. మొదటిది శక్తిమాన్ ట్రక్కు. “అది చెవిటిదమ్మాయ్. దాంతో మెల్లగా చెబితే కుదరదు, ఒళ్లంతా పెట్టి చెప్పాల” అనేవారు. దాని స్టీరింగ్ తిప్పీ తిప్పీ ఆయన భుజాలు చివరిదాకా చొక్కాలో ఇమిడేవి కావు. ఆ తర్వాత కొండల్లో జోంగా జీపు. దానికి పొగరెక్కువట, కానీ మాటిస్తే తప్పదట. ఒకసారి ముందు రోడ్డు జారి లోయలో పడిపోతే, తిప్పుకోవడానికి చోటు లేక, వెనక సీట్లో జ్వరంతో ఉన్న జవానుతో సహా కొండ అంచున మూడు కిలోమీటర్లు వెనక్కే నడుపుకొచ్చారట. ఆ కథ మాకందరికీ కంఠతా వచ్చు. వచ్చినా మళ్లీ చెప్పించుకునేవాళ్లం.

ఆ మూడు కిలోమీటర్ల పుణ్యమా అని ఆయన దగ్గర పాఠం తలకిందులుగా మొదలయ్యేది. ముందు రివర్స్. అది వచ్చాకే ఫస్ట్ గేర్. “ముందుకి ఎవరైనా పోతారు. చిక్కులో పడ్డప్పుడు వెనక్కి రావటం తెలియాల” అనేవారు. చర్చి ఆవరణలో రెండు ఆదివారాలు మేం నలుగురం వెనక్కి పోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. పాస్టర్ గారు మెట్ల మీద నిలబడి, “ఏంటండీ అంకుల్, నేనేమో విశ్వాసంలో ముందుకు సాగండని చెబుతుంటే, మీరు అందర్నీ వెనక్కి పంపిస్తున్నారు?” అని అడిగారు. ఆయన నవ్వలేదు. “అద్దం చూడమ్మాయ్, పాస్టర్ గార్ని కాదు” అన్నారు నాతో.

మూడోది ఒక పెద్ద ఆఫీసరు గారి అంబాసిడర్, ఢిల్లీ కంటోన్మెంటులో. ఆ ఆఫీసరు వెనక సీట్లో కూర్చుని ఎన్నో మాట్లాడి ఉంటారు. మేం ఎంత బతిమాలినా ఒక్క ముక్క బయటికి రాలేదు. “వెనక సీట్లో మాట వెనక సీట్లోనే ఉండాల.” అంతే. ఆ అంబాసిడర్ గురించి మాత్రం మెచ్చుకోలుగా చెప్పేవారు, ఎంత పెద్దమనిషి కూర్చున్నా అది తన నడక మార్చుకోలేదని.

నాలుగోది సొంతది, ఎవరో వాడి వదిలేసిన తెల్ల ఎయిట్ హండ్రెడ్ కారు. మేం నేర్చుకున్నది దాని మీదే. దాన్ని గుద్దని నర్సు మా సంఘంలో లేదు. ఆయన ఆ సొట్టలు తీయించలేదు. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు బండి చుట్టూ తిప్పి చూపించేవారు. “ఇది నెల్లూరమ్మాయిది. ఇది ఏలూరు సిస్టర్‌ది. ఇదుగో, ఈ పెద్దది మన ఒంగోలు మేడమ్ గారిది. ఏకంగా కరెంటు స్తంభాన్నే గుద్దింది” అని నా పరువు తీసేవారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

లైసెన్సు వచ్చిందంటే చదువు అయిపోయినట్టు కాదు. అసలు పరీక్ష ఆయన పెట్టేవారు. మధ్యాహ్నం పూట ఆయన్నీ ఆంటీనీ ఎక్కించుకుని అశోకా రోడ్డులోని మన రాష్ట్ర భవనం క్యాంటీనుకు, తెలుగు భోజనానికి తీసుకెళ్లాలి. దారిలో నాలుగైదు రోడ్లు కలిసే గోల్ చక్కర్లు ఎన్ని, ఏ చక్కర్‌లో ఏ సందులోంచి బయటపడాలి, అన్నీ మనమే చూసుకోవాలి, ఆయన నోరు విప్పరు. నేను ఒకే చక్కర్ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి వెనక నుంచి ఆంటీ, “ఏవండీ, పప్పూ నెయ్యీ అయిపోతాయండీ, పిల్లకి చెప్పండి” అంది. ఆయన చెప్పలేదు. ఐదోసారికి నేనే దారి పట్టుకున్నాను. ఆ రోజు ఆయన తన పళ్లెంలోని గోంగూర పచ్చడి సగం నా పళ్లెంలో వేశారు. అదే నా సర్టిఫికెట్.

ఐదోది శాంత్రో. కొత్తది కొన్నారు, రంగు ఆంటీ ఎంచుకుంది, లేత ఆకుపచ్చ. ఊరందరికీ నేర్పిన మనిషి భార్య మాత్రం డ్రైవింగ్ నేర్చుకోలేదు. “మీ అంకుల్ పక్కన కూర్చోవటమే నా డ్యూటీ” అనేది. ఆ డ్యూటీ తొమ్మిదేళ్లు చేసి, కిడ్నీలు పాడై వెళ్లిపోయింది. ఆమె కోరిక ప్రకారం బాపట్ల దగ్గర పుట్టిన ఊరికి తీసుకెళ్లి సమాధి చేశారు. మొన్న అంకుల్‌ని కూడా విమానంలో ఆ ఊరికే తీసుకెళ్లి ఆమె పక్కన పెట్టారు.

ఇక నా సంగతి. ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోలు కారుకు పదిహేనేళ్లు నిండితే రోడ్డు ఎక్కనివ్వరు. తుక్కుకైనా ఇవ్వాలి, వేరే రాష్ట్రానికైనా పంపాలి. పంపాలంటే ఇక్కడి రవాణా ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. శాంత్రోకు ఆ వయసు దగ్గరపడింది. అంకుల్ ఎప్పుడో తేల్చుకున్నారు. ఆంటీ ఊళ్లో చిన్న చర్చి ఉంది. అక్కడి పాస్టర్ గారు నొప్పులొచ్చిన ఆడవాళ్లను కూడా మోటారు సైకిలు మీద బాపట్ల ఆస్పత్రికి తీసుకెళ్తారు. శాంత్రో ఆయనకివ్వాలని. రైల్లో వేసి పంపడానికి ఒప్పుకోలేదు, రోడ్డు మీదే తీసుకెళ్లాలన్నారు. దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి కాబట్టి ఫైలంతా నాకు తెచ్చిచ్చారు. “నీకైతే కంప్యూటర్ తెలుసు. పెట్టేసెయ్ అమ్మా” అన్నారు.

ఆ వారమే గుర్గావ్‌లో ఉండే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. “దీదీ, పాపా కీ ఆంఖేఁ దేఖీ హై ఆప్‌నే? గేట్ కా పిల్లర్ ఠోక్ దియా. ఇత్‌నీ దూర్ అకేలే? మేరీ బాత్ తో మాన్‌తే నహీ. ఆప్ హీ కుఛ్ కరో” అని ఏడ్చింది. తన మాట వినరట, నన్నే ఏదో ఒకటి చెయ్యమంది. గేటు స్తంభానికి బండి రాసిన మాట నిజమే. కళ్లలో పొర వస్తోంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి ఒంటరిగా రెండు వేల కిలోమీటర్లు నడుపుతాడని తలుచుకుంటే నాకూ భయమేసింది. ఆ ఫైలు బీరువాలో బట్టల కింద పెట్టేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర అడిగేవారు, “కాగితం వచ్చిందా అమ్మా?” అని. “ఇంకా రాలేదు అంకుల్” అనేదాన్ని. “వచ్చిద్దిలే” అనేవారు. వార్డులో రోగుల మేలు కోసం ఎన్ని అబద్ధాలు చెప్పలేదు, ఇదీ అంతే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒక ఆదివారం నుంచి ఆయన అడగడం మానేశారు. నిజం చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. తర్వాత గడువు దాటింది. శాంత్రోను తుక్కువాళ్లు క్రేన్‌కు తగిలించి తీసుకెళ్తుంటే ఆయన కాలనీ గేటు దాకా దాని వెంట నడిచారని వాళ్లమ్మాయి చెప్పింది.

నాలుగు నెలల్లో ఆయన మంచాన పడ్డారు. ఊపిరితిత్తుల్లో నీరు. కంటోన్మెంట్ ఆస్పత్రిలో ఉంచారు. రోజూ డ్యూటీ అయ్యాక సాయంత్రం నాలుగింటికి వెళ్లేదాన్ని. చార్టు చూస్తే నాకు అర్థమవుతుంది కదా ఎంత సమయం ఉందో. ఇక దాచలేకపోయాను.

“అంకుల్, ఆ దరఖాస్తు నేను అసలు పెట్టలేదు” అన్నాను.

“తెలుసమ్మా.”

“ఎప్పుడు తెలుసు?”

“అప్పుడే. గడువుండగానే ఆఫీసుకి పోయి అడిగా. నా పేరు మీద ఏమీ రాలేదన్నారు.”

“మరి మీరే పెట్టుకోలేకపోయారా? నన్నెందుకు అడగలేదు?”

ఆయన కొంచెం ఊపిరి తీసుకున్నారు. “ఏం అడగను? నీకు రావటం ఇష్టం లేదేమో, మొహమాటానికి చెప్పలేకపోతన్నావేమో అనుకున్నా.”

“రావడమా? ఎక్కడికి?”

“ఎక్కడికేంది? ఊరికి. నువ్వు కాకపోతే బండి ఎవరు నడుపుతారమ్మాయ్? నా కళ్లకి ఎదర బోర్డులు ఆనట్లా. నువ్వు నడుపుతావు, నేను పక్కన కూర్చుంటానని అనుకున్నా. ఫైలు నీకెందుకిచ్చా మరి?”

ఇన్ని నెలలు ఆయన ప్రాణం కాపాడానని అనుకున్నాను. ఆయన కోరింది నేను నడపడం. నా నోటితో ఒక్కసారి, వద్దంకుల్, మీరు నడపొద్దు అని ఉంటే ఆ క్షణమే తేలిపోయేది. ఆయన చేతి మీద తల పెట్టుకుని ఏడ్చాను. నర్సును, రోగి ముందు ఏడవకూడదని పదిమందికి చెప్పేదాన్ని. ఆయన క్షమించాననీ అనలేదు, పర్లేదనీ అనలేదు. “పొద్దున్నే నాలుగింటికి బయల్దేరితే ఎండ ఎక్కేలోపు ఆగ్రా దాటొచ్చు” అన్నారు.

అట్లా మొదలైంది మా ప్రయాణం, ఆయన మంచం మీద, నేను పక్కన కుర్చీలో, ఉత్త మాటలతోనే. ఆయన దారి మొత్తం ఎప్పుడో తయారు చేసుకున్నారు. ఎక్కడ పెట్రోలు, ఎక్కడ టీ, ఏ ఊళ్లో లారీలు అడ్డదిడ్డంగా వస్తాయో అన్నీ చెప్పేవారు. మొదటి సాయంత్రం గ్వాలియర్ దాకా వెళ్లాం. రెండో రోజు నేను వెళ్లేసరికి కళ్లు మూసుకునే, “ఎక్కడున్నాం?” అన్నారు. “గ్వాలియర్‌లో లేచాం అంకుల్, బండి తుడిచేశాను” అన్నాను. ఆ రోజు ఝాన్సీ, సాగర్. మధ్యలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాస్కులోంచే, “లారీ వెనక అతుక్కోమాక” అన్నారు.

మూడో రోజు, అదే ఆఖరి సాయంత్రం, ఆయనకు మాటలు రాలేదు. దారి నాకు తెలియదు, అయినా నేనే చెప్పాను. అడవులొస్తున్నాయన్నాను. కోతులు రోడ్డు మీద కూర్చున్నాయన్నాను. రేపు ఆదిలాబాద్, అక్కడి నుంచి బోర్డులన్నీ తెలుగులోనే ఉంటాయన్నాను. విజిటర్లు వెళ్లాలని గంట కొట్టారు.

“నాగపూర్ ఊళ్లోకి వస్తున్నాం అంకుల్. ట్రాఫిక్ బాగా ఉంది” అన్నాను.

దుప్పటి కింద ఆయన కుడికాలు కదిలింది. మడమ ఆనించి, ముని వేళ్లతో మెల్లగా నొక్కారు, పక్క సీట్లో లేని బ్రేకును.

“సరే అంకుల్” అన్నాను. “స్లో చేస్తున్నా.”