నెమలికి తోక, మామకు మస్కట్

ఆ రోజుల్లో కోరుట్ల ఫొటో స్టూడియోల మెట్లెక్కేవాళ్లలో పెళ్లివాళ్లకన్నా గల్ఫ్‌కు పోయేవాళ్లే ఎక్కువ. నేను ఒక స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎండకు నల్లబడ్డ ముఖాలను పాస్‌పోర్టు కోసం తెల్లగా చేస్తుండేవాణ్ని. (నా లెక్కలో నేను పెద్ద కళాకారుణ్ని.) మా మేనమామది కథలాపూర్ దిక్కు ఒక ఊరు. బోరు ఎండి ఆయన మక్కచేను మాడిపోయిన ఏడాది, ఆ చేన్లోకి వచ్చిన నెమలిని ఫొటో తీశాను. తీరా చూస్తే తోక సగమే పడింది. వెనక ఎండిన కర్రలు, మూలన తల పట్టుకుని కూర్చున్న మామ.

"గిది ఫొటోనా?" అన్నాడు మా ఓనరు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. రెండు రోజులు కూర్చుని, ఉన్న సగం తోకను కాపీ చేసి లేని సగానికి అతికించాను. పెళ్లి ఆల్బంల కోసం దాచుకున్న పచ్చటి పొలాన్ని తెచ్చి వెనక పరిచాను. మామను తుడిచేశాను. పోటీకి పంపితే బహుమతి వచ్చింది. ఎవరో దాన్ని క్యాలెండరుగా వేసి, కింద మామ ఊరి పేరు కూడా అచ్చేశారు.

పంట నష్టం రాయించుకోవడానికి మామ పోయిన ఆఫీసులో ఆ క్యాలెండరే వేలాడుతోందట. గుమస్తా దాన్ని చూపించి, "మీ ఊరు గింత పచ్చగుంటే కరువెక్కడిదే?" అని నవ్వాడట. సంగతి తెలిసి నేను అసలు ఫొటో పట్టుకుని పరుగెత్తాను.

"సార్, గిదే అసలుది. గీ కూసున్నాయన మా మామ."

గుమస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "క్యాలెండరుదే మంచిగుంది తమ్మీ" అన్నాడు. పంట నష్టం జాబితా మామ పేరు లేకుండానే అప్పటికే పైకి పోయిందట.

నెల తిరక్కముందే మామ మస్కట్ పోవడానికి ఫొటో దిగాలని మా స్టూడియోకే వచ్చాడు. నేను ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను.

"నన్నెందుకు తీసేసినవ్ అల్లుడా?"

"అడ్డమున్నవ్ మామా."

ఆయన పడీ పడీ నవ్వాడు. (ఆయన వెంట వచ్చిన అత్త నవ్వలేదు.) "సరే, గీ ఫొటోలనన్న నన్ను ఉండనియ్యి" అన్నాడు. ఆ ముఖాన్ని మాత్రం నేను ముట్టుకోలేదు.

మామ ఏడేళ్లకు తిరిగొచ్చాడు. అప్పటికి ఆ చేను ఆయనది కాదు. ఇప్పుడు అప్పటి నన్ను, ఇరవై రెండేళ్ల ఆ మొనగాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. సగం తోక లేకపోతే లోకం ఒప్పుకోదని అంత తంటాలు పడ్డవాడు, మనిషి లేకపోతే ఎవరూ అడగరని ఎంత తేలిగ్గా నమ్మాడు! ఎవరూ అడగలేదు కూడా.