తూమంటే కోపం

మాటల కోసం పోట్లాడేవాడికి మనుషుల మీద ప్రేమ ఉండదని లోకాభిప్రాయం. చాలాకాలం నేనూ అలాగే నమ్మాను. ఆ నమ్మకానికి ప్రతి ఆదివారమూ ఆధారాలు సమకూర్చినవారు జ్ఞానానందం గారు. ఆయన ఎదుట ఎవరైనా 'తూము' అన్నారా, ఆయనకు ఒళ్లు మండిపోయేది.

పట్టాల మేస్త్రీగా చేసి విరమించిన జ్ఞానానందం గారు కలకత్తా పక్క టికియాపారా రైల్వే క్వార్టర్లలో కొడుకు దగ్గర ఉండేవారు. ఆ వెనకే, యార్డు గట్టు కింద, రైళ్లు కొత్తగా వచ్చిన కాలంనాటి ఇటుక సొరంగం ఒకటి ఉంది. ఎనభై అడుగులు వేస్తే అవతలికి చేరతాం. రైలు అందులోంచి పోవడం మానేసి రెండు తరాలైంది. దాని నెత్తిన ఎవరో అధికారి 'కల్వర్టు నెం. 17' అని రేకు బోర్డు కొట్టించాడు. మన తెలుగువాళ్లు దాన్ని తూమన్నారు. జ్ఞానానందం గారి శాంతి ఆనాటితో సరి.

తత్త్వశాస్త్రం బోధించడానికి నేను కలకత్తా వచ్చిన ఏడాది, అంటే అరవై రెండులో, ఒక ఆదివారం చర్చి ముగించుకుని వస్తూ ఆయన నన్ను పట్టుకున్నారు. తీసుకుపోయి ఆ సొరంగం నోట నిలబెట్టారు.

"మాష్టారూ, ఇదేటి?"

"ఏదో తూములా ఉందండీ."

"తూమా! ఏటి తూము? తలెత్తి సూడండి. ఆ మసేటి? కప్పలు సుట్టలు కాల్చాయా?"

"కప్పలైతే ఉన్నాయండీ. ఒకటి నా జోడులోకి వచ్చింది."

"అది సొరంగంలో కప్ప, మాష్టారూ. తూములో కప్ప ఇలాగుండదు."

అంతటితో వదలలేదు. కమానులోంచి రాలిపడ్డ ఇటుకలు నా చేత ఏరించి బయటికి మోయించారు. "సరిత్రండి, సరిత్ర. కాళ్ల కింద పడుండకూడదు," అన్నారు. చరిత్ర అంత బరువుంటుందని నేను చదివిన ఏ గ్రంథమూ హెచ్చరించలేదు. మరుసటి ఆదివారం నా వంతు తప్పించుకున్నాను. ఆ రోజు ఒక బ్యాంకు అధికారి మోశారు.

పేరుకూ వస్తువుకూ గల సంబంధం నిత్యమని మీమాంసకులు; కాదు, అది మనుషులు చేసుకున్న ఏర్పాటేనని నైయాయికులు. జ్ఞానానందం గారు నిస్సందేహంగా మీమాంసకులు. వియ్యంకుడు 'తూము దగ్గర' అని గుర్తు వేయించాడని కూతురు లిల్లీ పెళ్లి శుభలేఖలు మళ్లీ అచ్చు వేయించారు.

"ఆ సొరంగాన్నే మనువాడుంటే నాకీ సాకిరీ తప్పును," అనేది భార్య దయమ్మ.

నేను రాకముందే మొదలుపెట్టి, బోర్డు మార్చమని పదకొండేళ్లు అర్జీలు పెట్టారు. కార్యాలయంలో బెంగాలీ గుమాస్తాలు ఆయనకు 'షుడొంగో దాదా' అని పేరు పెట్టారు. షుడొంగో అంటే వాళ్ల భాషలో సొరంగమే. అది ఎగతాళి అని నేను చెబితే, "అయితే ఏటి? ఆళ్లకైనా సరైన మాట తెల్సు," అన్నారు.

అరవై ఏడులో కొత్తగా ఒక బెంగాలీ ఇంజనీరు వచ్చాడు. ఎవరూ చదవని ఆ అర్జీలన్నీ చదివాడు. స్వయంగా వచ్చి, మా ఇద్దరి ఎదుటే కమాను కొలిచాడు, మసి గోకి చూశాడు.

"జ్ఞానానందం బాబూ, మీరన్నదే నిజం. ఇది సొరంగమే," అని కాగితం తీశాడు. "పాత మేస్త్రీగా ఇక్కడ సంతకం చేయండి."

జ్ఞానానందం గారు నా వైపు చూసిన చూపులో పదకొండేళ్ల విజయం ఉంది.

"పై సోమవారం రెండు మూతులూ ఇటుకలతో కట్టించేస్తాం," అన్నాడు ఇంజనీరు.

"కట్టించడమేటి?"

"వాడుకలో లేని సొరంగాన్ని మూసెయ్యాలని నియమం. తూమైతే మూయకూడదు. నీళ్లు పోవాలి కదా."

అప్పుడే సొరంగం లోపల్నుంచి జగ్గమ్మ వచ్చింది. గట్టు అవతల షెడ్డులో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం అన్నం కేరియర్లు చేరవేసే ఆడవాళ్లలో ఆమె పెద్ద. ఖాళీ కేరియర్లతో తిరిగి వస్తోంది.

"తూములో మీటింగేటి బాబూ?"

నేను ఊపిరి బిగబట్టాను. జ్ఞానానందం గారు ఆ మాట పట్టించుకోలేదు.

"మూసెత్తారంట," అన్నారు నెమ్మదిగా.

"మూసెత్తే మేం ఎలా పోవాలి? పదకొండు పట్టాలు దాటాలా? ఇంజన్లు ఎనక్కీ ముందుకీ తిరగతంటే?" ఆమె ఇంజనీరు వైపు తిరిగి, వచ్చిన బెంగాలీలో అంది: "ఈ దారి మాకోసం శుభ్రంగా ఉంచుతున్నాడు ఈ దాదా. ఆదివారం ఆదివారం కోటు బాబుల్ని తెచ్చి ఇటుకలు మోయిస్తాడు."

ఆ కోటు బాబుల్లో నేనొకణ్ణి. ఇన్నాళ్లూ చరిత్రకు అతిథినని భ్రమపడి, ఆయన గ్యాంగులో కూలీగా పనిచేశానన్నమాట. నాకు చెప్పలేని కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తేలక పోయింది.

జ్ఞానానందం గారు కాగితం ఇంజనీరుకు తిరిగి ఇచ్చేశారు. "బాబూ, నాను పొరబడ్డాను. ఇది తూమే."

"పదకొండేళ్లు సొరంగమన్నారే! మరి ఆ మసి?"

"జగ్గమ్మ పొయ్యిది."

"నా పొయ్యేటి ఇక్కడ!" అంది జగ్గమ్మ.

"నువ్వు నడు, ఎసరు ఇగిరిపోతంది," అని కసిరారాయన.

ఇంజనీరు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకుంటూ, మరో తెల్లకాగితం ఇచ్చాడు. జ్ఞానానందం గారు దాన్ని నా వీపు మీద పెట్టుకుని రాశారు: 'ఇది తూము. నీరు పోవుటకు రెండు వైపులా తెరచి ఉంచవలెను.' కింద సంతకం చేశారు.