విరిగితే సంతకం

ఎండ ఊరికే పోతుంటే దమయంతి గారు చూస్తూ ఊరుకోలేరు. న్యూజెర్సీకి వచ్చి ముప్ఫై ఏళ్లయింది, ఫార్మా కంపెనీలో కెమిస్టుగా రిటైరయ్యారు. అయినా జానెడు ఎండ కనబడితే అక్కడో పళ్లెం, పళ్లెంలో వడియాలు ఉండాల్సిందే. ఓసారి కారు డాష్‌బోర్డు మీద ఊరమిరపకాయలు పరుచుకుని వెళ్తుంటే పోలీసు ఆపాడు. ఆవిడ రెండు రుచి చూపించారు. అతను జరిమానా టికెట్ సంగతి మరిచిపోయి నీళ్ల సీసా కోసం పరుగెత్తాడు. అప్పట్నుంచి భర్త శ్రీరామ్ గారు ఆ కారెక్కితే సీట్లో కిందికి జారి కూర్చుంటారు.

అలాంటి మనిషి చెవిన టౌన్‌షిప్ వారి సోలార్ కబురు పడింది. జూలై నెలాఖరులోగా వాళ్ల పేటలో ముప్ఫై ఇళ్లు సోలార్‌కి ఒప్పుకుంటే, సీనియర్ సెంటర్‌కి కూడా ప్యానెల్సూ బ్యాటరీ పెట్టిస్తారట. పోయినేడు గాలివానకి మూడు రోజులు కరెంటు పోయి అక్కడి పెద్దవాళ్లు ఉక్కకి అల్లాడిపోతుంటే, దమయంతి గారు వడియాల పళ్లెంతోనే విసురుతూ కూర్చున్నారు. ఆ మూడు రోజులూ ఆవిడ మరిచిపోలేదు.

"ముప్ఫై ఇళ్లు నేను తెస్తాను," అన్నారు టౌన్‌షిప్ ఆఫీసులో పనిచేసే రష్మితో.

"ఆంటీ, మా వాలంటీర్స్ త్రీ మంత్స్ తిరిగితే సిక్స్ హౌసెస్ వచ్చాయి."

"వాళ్ల దగ్గర పళ్లెం లేదుగా!"

ప్యానెల్స్ బిగించే కంపెనీవాళ్లు శాటిలైట్ ఫోటో చూసి ఏ ఇంటికి ఎంత ఎండో చెప్పేస్తారు. దమయంతి గారికి ఆ ఫోటోల మీద గురి లేదు. మేడమీది కిటికీలోంచి చెయ్యి చాపి, ఇంటికప్పు మీద పచ్చి వడియాల పళ్లెం పెట్టి వస్తారు. రెండు రోజులయ్యాక వెళ్లి ఒక వడియం తీసి విరుస్తారు. ఫట్‌మని విరిగితే ఫారం ముందు పెడతారు. వంగితే, ఇచ్చిన కాఫీ తాగి లేచి వస్తారు. ఇంటివాళ్లు సంతకం పెడతామని వెంటపడినా వినరు. అలా ఏడిళ్లు వంగాయి.

పళ్లాలు మోయడం, ఉడతల్ని తోలడం శ్రీరామ్ గారి డ్యూటీ. ఆయనకి ఒళ్లు మండింది.

"పెడతామన్నవాళ్లని కూడా వద్దంటావేం?"

"నేనెక్కడ వద్దన్నానండీ? వడియం వద్దంది."

ఇంతా చేసి, సొంతింటికి మాత్రం ఆవిడ సంతకం పెట్టలేదు. వాళ్లింటికి పడే ఎండంతా గరాజ్ కప్పు మీదే. అక్కడ ఆవిడ పళ్లాలు ఇరవై. "ముందు అందరివీ కానివ్వండి, మనది తర్వాత చూద్దాం," అనేవారు. శ్రీరామ్ గారు మీసాల్లో నవ్వుకునేవారు.

గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటికి. ఆ మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిదిళ్లు అయ్యాయి. ముప్ఫయ్యోది కావ్యశ్రీది. ఆ అమ్మాయీ, భర్త పవనూ మార్చిలోనే ఇల్లు కొనుక్కున్నారు. ఫారం నింపేసి, సంతకం కూడా పెట్టేసి గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"కంపెనీవాళ్లు సూపర్ రూఫ్ అన్నారు ఆంటీ! టెస్ట్ స్కిప్ చేసేద్దాం, ఆల్రెడీ మూడున్నర."

దమయంతి గారు పైకెళ్లి పళ్లెం అందుకున్నారు. ఒక వడియం తీశారు. వంగింది. ఇంకోటి తీశారు. అదీ వంగింది. మూడోది శ్రీరామ్ గారి చేతికిస్తే సాగింది కూడా. కిటికీలోంచి తొంగి చూస్తే, పక్కింటివాళ్ల మేపుల్ చెట్టు నీడ కప్పంతా పరుచుకుని ఉంది. కంపెనీ ఫోటో చలికాలంలో తీసినది, చెట్టుకి ఒక్క ఆకు లేనప్పుడు.

"ఈ ఒక్కదానికీ చూసీచూడనట్టు పోవే," అన్నారు శ్రీరామ్ గారు చెవిలో. "సీనియర్ సెంటర్ మాటేమిటి?"

ఆవిడ గడియారం చూశారు. ఫారం చూశారు. ఎండనక నెల్లాళ్లు తిరిగిన మనిషి. శ్రీరామ్ గారికి మొదటిసారి ఆవిడ మీద జాలేసింది.

"ఇరవయ్యేళ్ల కాంట్రాక్టమ్మా ఇది," అన్నారు దమయంతి గారు. "ఈ నీడని నెత్తిన పెట్టుకుని ఇరవయ్యేళ్లు నువ్వు డబ్బు కడుతూ ఉంటే, అక్కడ ఏసీలో నేనెలా కూర్చోను?"

ఫారం నాలుగు ముక్కలు చేసి, కావ్యశ్రీ బుగ్గ నిమిరి, కాఫీ కూడా తాగకుండా వచ్చేశారు.

ఇంటికి రాగానే ఆవిడ గబగబా మేడెక్కారు. గరాజ్ కప్పు మీంచి ఒక వడియం తీసి విరిచారు. ఫట్‌మన్న ఆ చప్పుడు కింద ఉన్న శ్రీరామ్ గారికి వినబడింది.

"ఏవండీ, ఖాళీ ఫారం ఒకటుండాలి చూడండి."

"మరి నీ వడియాలు?"

"ముందు కారు తీయండి. నాలుగూ ఇరవై అయింది!"

అయిదుకి ఎనిమిది నిమిషాలుండగా ముప్ఫయ్యో ఫారం రష్మి బల్ల మీద పడింది.

గరాజ్ మీద ప్యానెల్స్ బిగించిన వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. "ఆంటీ, మా పెరటి డెక్ మీద ఎండ ఊరికే పోతోంది," అని ఒకరు. "మా వాకిట్లో కూడా," అని ఇంకొకరు. ఇరవై పళ్లాలకీ ఇరవై ఇళ్లు దొరికాయి, ఇంకా తొమ్మిదిళ్లవాళ్లు అలిగారు. ఎండిన వడియాల్లో మొదటి డబ్బా కావ్యశ్రీకి వెళ్తుంది.

సాయంత్రం పూట ఇల్లిల్లూ తిరిగి ఒక్కో వడియం విరిచి చూసే బాధ్యత ఇప్పుడు శ్రీరామ్ గారిది. విరిగితే పళ్లెం తెచ్చేస్తారు. వంగితే ఇంటివాళ్లు కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. ఈమధ్య ఆయన కావాలనే పళ్లెంలో మెత్తటిది వెతికి మరీ వంచుతున్నారని దమయంతి గారి అనుమానం.