తిరువూరుకి ఒకడే ఏజెంటు

రెండువేల ఆరులో తిరువూరులో కంప్యూటరు మీద సంగీతం కట్టేవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. ఊరికి ఒక్కడి అవసరం కూడా లేదు.

ఒకడు మురళీకృష్ణ. మెయిన్ రోడ్డులో సబ్బులు, బిస్కెట్లు, తలనూనెల ఏజెన్సీలున్న కాశీవిశ్వనాథంగారి పెద్దకొడుకు. రెండోవాడు గురుచరణ్. వాళ్ళ నాన్నగారు గుళ్ళో అర్చకులు. తను మాత్రం ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటరు నేర్పేవాడు. ఇంటర్‌లో ఇద్దరిదీ ఒకటే బెంచీ. తర్వాత ఒకటే సీడీలోంచి ఒకటే సాఫ్ట్‌వేర్ కాపీ చేసుకున్నారు. ఏవో చప్పుళ్ళు రికార్డు చేసి, ముక్కలుగా కోసి, తాళానికి కట్టి తిప్పడం వాళ్ళ సంగీతం. అందులో పాట ఉండదు, పాడేవాడూ ఉండడు. ఇంట్లోవాళ్ళకి అది మోటారు చెడిపోయినట్టు వినిపించేది.

స్నేహితుల మధ్య అసూయ ఉండదని పెళ్ళి ఉపన్యాసాల్లో చెబుతుంటారు. మురళీకృష్ణకి గురుచరణ్ మీద ఉన్నది నిఖార్సైన కుళ్ళు. పరాయివాడి మీద అంత కుళ్ళుకోవడం ఎవరివల్లా కాదు, వాడి సంగతులు అన్నేసి తెలియాలి కదా. విస్సన్నపేట పెళ్ళిలో డీజే కుర్రాడొకడు గురుచరణ్ కట్టిన దరువు అడిగి తీసుకెళ్ళాడని తెలిసిన రోజు మురళికి అన్నం సయించలేదు. "ఆ డీజేకి చెవులు లేవు" అన్నాడు. "మరి మీదెందుకు ఇవ్వలేదు?" అంది భార్య భువన. "అడగందే ఎలా ఇస్తాను?" అన్నాడు. ఆ జవాబులో ఏముందో ఆవిడకి అర్థమై, చారు వడ్డించింది.

అతని కుళ్ళుకి మంచి చెవి కూడా ఉంది. గురుచరణ్ ట్రాకు ఎందుకు బాగుందో ఊళ్ళో తెలిసింది ఒక్క మురళికే. గురుచరణ్ ఖాళీ వదిలేవాడు. ఒక దెబ్బ కొట్టి, రెండోది ఎప్పుడొస్తుందా అని మనం మెడ చాచేదాకా ఆగేవాడు. మురళి చెయ్యి అలా ఆగదు. షాపులో అర ఖాళీగా కనిపిస్తే డబ్బాలు సర్దే చెయ్యి అది. ట్రాకులోనూ ప్రతి సందులో ఏదో ఒకటి కుక్కేవాడు.

ఒక్కసారి మాత్రం అలా జరగలేదు. గంపలగూడెంలో మేనమామ రైసుమిల్లు చప్పుడు రికార్డు చేస్తుండగా కరెంటు పోయింది. పెద్ద బెల్టు మూలుగుతూ, నెమ్మదిస్తూ, ఆగలేక ఆగలేక ఆగింది. దాన్ని ఎక్కడా ముట్టుకోకుండా మధ్యలో పెట్టి ఒక ట్రాకు కట్టి, 'మర' అని పేరు పెట్టాడు. గురుచరణ్ విని, మళ్ళీ మొదట్నుంచి పెట్టించుకుని విన్నాడు. "ఇలాంటిది నాకు రాదురా" అన్నాడు. మురళికి జీవితంలో దొరికిన గొప్ప పూట అది. అప్పట్నుంచి అతనికి ఒకటే పంతం. 'మర' బయటి ప్రపంచంలోకి వెళ్ళాలి, గురుచరణ్ ట్రాకులకంటే ముందు వెళ్ళాలి, వాటికంటే పైన ఉండాలి.

దారి చూపించింది మళ్ళీ గురుచరణే. బస్టాండు దగ్గర దేవానందం నెట్ సెంటరులో ఒక సాయంత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. అమెరికాలో, యూరప్‌లో ఇంటర్నెట్టులోనే పాటలమ్మే దుకాణాలు వచ్చాయి. ఆ దుకాణాలు విడి మనుషుల్ని గుమ్మం ఎక్కనివ్వవు. మధ్యలో ఒక కంపెనీ ఉండాలి. అది మన ట్రాకు తీసుకుని అన్ని దుకాణాలకీ పంపి, అమ్మినదాంట్లో వాటా మనకి ఇస్తుంది.

"మా నాన్న చేసేదేగా" అన్నాడు మురళి.

"అదే. కాకపోతే సబ్బుబిళ్ళ అరిగిపోతుంది, ఇది అరగదు."

గురుచరణ్ మూడు కంపెనీలు చూసి పెట్టాడు. మొదటిది ఏటా రుసుము అడుగుతుంది, అదీ విదేశాల్లో చెల్లే క్రెడిట్ కార్డు మీద. అలాంటి కార్డు వాళ్ళిద్దరికే కాదు, వాళ్ళకి తెలిసినవాళ్ళెవరికీ లేదు. రెండోది ముందుగా ఏమీ అడగదు, వాటా పట్టుకుంటుంది. ఎవరొచ్చినా చేర్చుకుంటుంది, ఎప్పుడు పోతానన్నా పొమ్మంటుంది. మూడోది ట్రాకు విని, నచ్చితేనే తీసుకుంటుంది. జపాను దుకాణాలకి కూడా పంపుతుంది.

"మూడోది గట్టిదిరా. కానీ అగ్రిమెంటు చాంతాడంత ఉంది. ఆదివారం కూర్చుని చదవాలి" అన్నాడు గురుచరణ్.

మురళి చెవిలో 'గట్టిది' ఒక్కటే పడింది. మిగతాది అతని రక్తంలో ఉన్న వ్యాపారం పూరించుకుంది. ఏజెన్సీ అంటే అతనికి పుట్టినప్పట్నుంచీ తెలిసింది ఒకటే: కంపెనీ ఒక ఊళ్ళో ఒక షాపుకి ఇచ్చిందంటే ఆ ఊళ్ళో ఇంకో షాపుకి ఇవ్వదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న అమ్ముడుపోని బిస్కెట్ల కంపెనీ ఒకటి పట్టుబట్టి తెచ్చాడు. ఎందుకు నాన్నా అంటే, "మనకి అక్కర్లేదురా, కానీ ఎదురుషాపు వీరరాఘవయ్య అడుగుతున్నాట్ట" అన్నాడు. ఆ బిస్కెట్లు ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ టీలో ముంచుకుని తిన్నారు. వీరరాఘవయ్యకి మాత్రం దక్కలేదు. ఇంట్లో దాన్ని ఇప్పటికీ విజయంగానే చెప్పుకుంటారు.

కాబట్టి ఆదివారం రాకముందే మురళి మూడో కంపెనీకి 'మర' పంపేశాడు. ఫైలు ఎక్కడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. కరెంటు పోతుందేమోనని దేవానందం చేత మిగతా కంప్యూటర్లన్నీ ఆపించి, బ్యాటరీ మొత్తం తన ఒక్కదానికే వాడించుకున్నాడు. అగ్రిమెంటు కింద ఒప్పుకుంటున్నాననే చోట నొక్కాడు. చదవలేదు. బీకాం ఫస్టు క్లాసు, ఇంగ్లీషు బాగానే వచ్చు. చదువుతూ కూర్చుంటే అవతలివాడు ముందుకెళ్ళిపోతాడని భయం.

కంపెనీ ఒప్పుకుంది. మర్నాడే గురుచరణ్‌ని టీ కొట్టు దగ్గరికి పిలిచాడు.

"మూడోది నాకిచ్చేశార్రా" అన్నాడు, సానుభూతి గొంతులోకి తెచ్చుకుంటూ. "నువ్వేం అనుకోకు. ఇంక తిరువూరుకి వాళ్ళు ఇంకొకళ్ళని తీసుకోరు కదా."

గురుచరణ్ గ్లాసు దించాడు. "ఎవరు చెప్పారు?"

"చెప్పేదేంటి? ఏజెన్సీ అంతే కదా."

గురుచరణ్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి ప్రయత్నించాడు, ఆగలేదు. "ఒరేయ్, వాళ్ళకి తిరువూరంటే ఏంటో తెలుసా? మనం ఏజెంట్లం కాదురా, సబ్బులం. ఏజెంటు వాళ్ళు. నువ్వు వాళ్ళకిచ్చావు, వాళ్ళు నీకివ్వలేదు. నేను రెండోదాంట్లో చేరాను."

"గట్టిదన్నావుగా?"

"అన్నాను. చదివాక వద్దనుకున్నాను. వాళ్ళకిస్తే మూడేళ్ళు ఆ ట్రాకు ఇంకెక్కడా ఇవ్వకూడదు, ఎవరడిగినా సరే. చూడలేదా?"

"చూశాను" అన్నాడు మురళి. టీ చల్లారిందని కొట్టువాడి మీద విసుక్కున్నాడు.

ఆ తర్వాత మురళి రోజూ షాపు కట్టేశాక నెట్ సెంటరుకి వెళ్ళేవాడు. జపాను దుకాణంలో తన పేరు ఉన్న మాట నిజమే. కానీ ముందు వెతికేది గురుచరణ్ పేరు. దాని కింద ఎవరైనా ఏమైనా రాశారా, కొత్త ట్రాకు పెట్టాడా, అవి చూశాక గానీ తన పేజీ తెరిచేవాడు కాదు.

"మురళిగారూ, ఆయన పేరు నేను కొట్టి ఉంచనా? మీకు శ్రమ తగ్గుతుంది" అన్నాడు దేవానందం ఒకరోజు. వారంపాటు మురళి ఆ సెంటరు గడప తొక్కలేదు. ఎనిమిదో రోజు వెళ్ళక తప్పలేదు.

మరుసటి ఏడాది ఒక మెయిలు వచ్చింది. జర్మనీలో చిన్న రికార్డు కంపెనీ నడిపే ఒకాయన, సంగీతం కట్టేవాళ్ళు చేరే ఒక సైటులో 'మర' ముక్క విన్నాడట. ఆ బెల్టు ఆగిపోయే చోటు తను పదే పదే విన్నానని రాశాడు. తను వేస్తున్న సంకలనంలో మొదటి ట్రాకుగా పెట్టుకుంటానన్నాడు. మురళి ఆ మెయిలు ప్రింటు తీయించి భువనకి ఇచ్చాడు. ఆవిడ చదివి, "చివర్న గురుచరణ్ అన్నయ్యగారిది కూడా ఒకటి అడిగారే" అంది. అతను ఆ వాక్యం దాకా వెళ్ళలేదు.

తన కంపెనీకి రాశాడు: ఒక్క సంకలనానికి వదలండి అని. కుదరదని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. ఇంకోసారి రాస్తే అవే రెండు వాక్యాలు వచ్చాయి. గురుచరణ్ అదే సాయంత్రం తన ట్రాకు పంపేశాడు. వాడినెవరూ పట్టుకుని లేరు మరి.

ఆ వారమంతా మురళి షాపుకొచ్చిన వాళ్ళందరి మీదా అరిచాడు. కాశీవిశ్వనాథంగారు ఓర్చి ఓర్చి, "ఏమైందిరా వీడికి?" అని కోడల్ని అడిగారు. "కొన్న బిస్కెట్లు తినలేకపోతున్నారు మావయ్యగారూ" అంది భువన.

శనివారం గురుచరణ్ షాపుకే వచ్చాడు. బస్తా మీద కూర్చుని, దారి దొరికిందన్నాడు.

"వాళ్ళు పట్టుకుంది ఆ రికార్డింగునే. ట్యూను నీదే. ఇద్దరం మిల్లుకెళ్ళి మళ్ళీ రికార్డు చేద్దాం. కొత్తగా కడదాం. జర్మనీ ఆయన సరేనన్నాడు. మీ కంపెనీకీ రాసి అడిగాను, అభ్యంతరం లేదన్నారు."

"నా కంపెనీకి నువ్వు రాశావా?"

"నీకొచ్చిన జవాబు దేవానందం చెప్పాడు. మళ్ళీ నువ్వు రాయవనుకున్నా."

మురళి నూనెసీసాల పెట్టె ఒకటి విప్పి, సీసాలు అరలో పేర్చడం మొదలుపెట్టాడు. పేరుస్తూనే అడిగాడు. "ఇద్దరం కడితే ఎవరి పేరు ముందు?"

"నీదే. ట్యూను నీదిగా. అసలు నా పేరు లేకపోయినా పర్లేదు."

"పర్లేదా?"

"ఏముందిరా అందులో?"

మురళి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. వాడు తన పేరు ముందు పెట్టాలని పట్టుబడితే పోట్లాడేవాడు, పోట్లాడి ఒప్పుకునేవాడు. వాడికి అక్కర్లేదట. తను ఇన్నేళ్ళు ప్రాణం పెట్టి పట్టుకున్న తాడుకి రెండో కొస ఎవరూ పట్టుకోలేదట.

"నీకెప్పుడూ నా మీద కుళ్ళు పుట్టలేదా?" అన్నాడు.

"దేనికి?" అన్నాడు గురుచరణ్. ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలీకే అడిగాడు. అవమానాల్లో ఇంతకంటే శుద్ధమైనది లేదు.

"నాకు స్టాకు లెక్కలున్నాయి. కుదరదు" అన్నాడు మురళి.

గురుచరణ్ ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ స్టాకు లెక్కలే. సంకలనం గురుచరణ్ ట్రాకుతో వచ్చింది. మొదటి ట్రాకు ఎవరో పోలెండు వాళ్ళది. స్నేహం అహంకారాన్ని జయించిన కథలు కావలసినవాళ్ళకి వేరే చోట బోలెడు దొరుకుతాయి. ఇక్కడ జయించింది స్టాకు లెక్కలు.

రెండువేల తొమ్మిదిలో మూడేళ్ళ గడువు తీరింది. 'మర' మళ్ళీ మురళిది అయింది. ఎవరికైనా ఇవ్వచ్చు, కానీ అడిగేవాళ్ళు లేరు. దానికి తోడుగా ఇంకొకటి కట్టి రెండూ కలిపి పంపుదామని కూర్చున్నాడు. అప్పటికి షాపులోకి ఇంటర్నెట్టు వచ్చింది, మంచి కంప్యూటరు వచ్చింది, ఆదివారాలు చేతిలో ఉన్నాయి. నెలలపాటు ఒక్క దరువు నిలబడలేదు. ఏది కట్టినా, ఇది విని వాడేమంటాడు, వాడు ఈపాటికి ఏం చేసుంటాడు అని చూసుకోవడం అలవాటు. ఇప్పుడు ఎంత వెతికినా గురుచరణ్ పేరు మీద కొత్తది ఏదీ కనిపించడం లేదు. ఆ పేజీ సంకలనం దగ్గరే ఆగిపోయింది. వాడు అప్పటికే హైదరాబాదులో ఏదో కంపెనీలో చేరిపోయాడు.

"ఫోన్ చెయ్యకూడదూ?" అంది భువన. "ఆయనకేం కోపం లేదుగా."

"లేదు. అదే నా బాధ" అన్నాడు, కానీ చేశాడు.

గురుచరణ్ సంతోషంగానే మాట్లాడాడు. ఆఫీసు దూరం, బస్సులో రెండు గంటలు, అమ్మాయి పుట్టింది, శ్రుతి అని పేరు పెట్టాం అన్నాడు.

"ట్రాకులేమైనా?" అన్నాడు మురళి.

"మానేశానురా. ఆ కంప్యూటరు కూడా ఇచ్చేశాను. ఏదో సరదాకి చేశాం కదా అప్పట్లో."

మురళి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. కౌంటరు అవతల ఎవరో షాంపూ పాకెట్లు అడుగుతుంటే భువన తీసిచ్చింది.

"సరదాకేంట్రా" అన్నాడు. "నేను సరదాకి చెయ్యలేదు. ఇంకో కంప్యూటరు కొనుక్కో. ఆదివారాలు కూర్చో."

"ఇప్పుడెవరు వింటార్రా?"

"నేను వింటాను. రోజూ చూస్తున్నాను. ఒక్కటి కట్టు. బాగా కట్టు. చెత్తగా కట్టావంటే ఊరుకోను."

గురుచరణ్ నవ్వి, చూద్దాంలే అన్నాడు.

"చూద్దాం కాదు. ఎప్పటికల్లా చెప్పు" అన్నాడు మురళీకృష్ణ.