గరివిడి బాబాయ్ నన్ను నవ్వమన్న సాయంత్రం

నాకు మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు నరసన్నపేటలోని మా ఇంట్లో మిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతున్నాను. కుడిచేతిలోంచి కత్తెర జారిపోయింది. తీసుకుందామని వంగి, అలాగే పక్కకి ఒరిగిపోయాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి రాలేదు. అంతకంటే బాధ, మాట ముద్దగా రావడం. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు నేనేమన్నానో తెలియక మా ఆయన వైపు చూసేవారు. నేను వీధి గుమ్మంలోకి రావడమే మానేశాను.

పక్షవాతం నుంచి తేరుకుంటున్న వాళ్లకోసం ఫోన్‌లో వీడియో క్లాసులు జరుగుతున్నాయని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. తిండి, నడక, బీపీ మాత్రలు, మనసులోని దిగులు, అన్నీ మాట్లాడుకుంటారట.

"ఫోన్లో సెప్తే సెయ్యి లెగుస్తాదా?" అన్నాను మా ఆయనతో.

"లెగకపోతే మానేద్దుము. కూకోడానికేటి కష్టం?" అని ఆయనే ఫోన్‌ని చెంబుకి ఆనించి నా ముందు పెట్టారు.

ఆ క్లాసులోనే గరివిడి బాబాయ్ పరిచయం. గరివిడి ఊళ్లో ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఎడమ చెయ్యి పడిపోయింది. ఉప్పు తగ్గించమని క్లాసు నడిపే మేడం చెప్పినప్పుడల్లా, "ఎండుసేప నేకండా అంబలెలా దిగుతాదమ్మా?" అని తగువేసుకునేవాడు. చుట్ట మానేశానని ఒకసారి గొప్పగా చెబుతుంటే ఆయన భుజం వెనక నుంచి పొగ లేచింది.

"బాబాయ్, ఆ పొగేటి?" అన్నాను.

"దేవుడికి సాంబ్రాణేసినారమ్మీ."

పక్షవాతం వచ్చాక నేను పైకి నవ్వడం అదే మొదలు. నా మూతి వంకరగా ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను.

మళ్లీ పక్షవాతం వస్తే ఎలా గుర్తుపట్టాలో మేడం ఒక క్లాసులో నేర్పారు. నవ్వమనాలి, రెండు చేతులూ ఎత్తమనాలి, మాట్లాడించాలి. ఏది తేడాగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తర్వాత కొన్నాళ్లకి, నా కుడిచెయ్యి కాస్త లేవడం మొదలయ్యాక, ఒక సాయంత్రం క్లాసులో నా వంతు వచ్చింది. పొద్దున ఏం తిన్నానో చెప్పబోయాను. నోట్లోంచి మాట రాలేదు, ఏదో మూలుగు వచ్చింది. సిగ్నల్ సరిగా లేదని ఎవరో అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

"సిగ్నల్ కాదు! అమ్మీ, ఓపాలి నవ్వు!" బాబాయ్ అరిచాడు. "సేతులెత్తు! రెండూ ఎత్తు!"

ఎడమది ఒకటే లేచింది. అప్పుడు భయం పట్టుకుంది. మేడం మా ఆయన నంబరుకి ఫోన్ చేస్తున్నారు. ఆయన పెరట్లో ఉన్నారు, ఆ ఫోన్ గదిలో మోగుతోంది. ఈలోగా బాబాయ్ నా ఫోన్ పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా, "ఒరే అల్లుడూ! బేగి రా! బేగి రారా!" అని కేకలు పెడుతూనే ఉన్నాడు. ఆ కేకలకే మా ఆయన పరుగెత్తుకొచ్చారు.

పక్కింటివాళ్ల కారులో శ్రీకాకుళం తీసుకెళ్లారు. వేళకి తీసుకొచ్చారు కాబట్టి సరిపోయిందన్నారు డాక్టరు.

నేను ఇంటికొచ్చాక బాబాయ్ తన భార్యని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. అరిచి గోలపెట్టిన మనిషి నా మంచం పక్కన కూర్చుని, తన మంచి చేత్తో నా కుడిచెయ్యి మెల్లగా ఎత్తి చూశాడు.

"నాను పడిపోయినపుడు పొలంలో ఒక్కడినే ఉన్నాను తల్లీ," అన్నాడు. "కేకేద్దామంటే గొంతు రానేదు. పొద్దుగూకినాక గానీ ఎవులూ సూడనేదు. అందుకే క్లాసులో అందరి మొకాలూ సూస్తుంతాను."

"మరి సుట్టెందుకు మానవు?" అంది ఆయన భార్య. ఆయన జేబులోని చుట్టలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి మానేశాడు. మధ్యలో ఒకసారి మళ్లీ కాల్చి, క్లాసులో తనే చెప్పి ఏడ్చాడు. మర్నాటి నుంచి మళ్లీ మానడం మొదలుపెట్టమన్నారు మేడం.

ఈమధ్య టెక్కలి నుంచి ఒకావిడ కొత్తగా చేరింది. మాట ఇంకా రాలేదు. ఆవిడ వంతు వచ్చినప్పుడు మేమెవరమూ తొందరపెట్టం. ఆవిడ పెదవులు కదుపుతూ వెతుక్కుంటుంది, మేం కూర్చుని చూస్తాం. పోయిన వారం "నీళ్లు" అంది.